పాత చీర కానుకైన కథ

ఇంట్లో ఉన్నవాటితో కానుక చేసి ఇచ్చారంటే, కొనివ్వడానికి చేతిలో డబ్బు లేకపోయి ఉంటుందని అనుకోవడం లోకంలో ఉన్నదే. పొదుపరితనం అని మెచ్చుకునేవాళ్ళు కూడా లోపల ఆ లెక్కే వేసుకుంటారు. ఈమధ్య పర్యావరణం పేరుతో ఈ పనికి కొత్త గౌరవం వచ్చింది. అయితే ఆ గౌరవమూ ఒక వస్తువును చెత్తకుప్పలో పడకుండా కాపాడారన్నంత వరకే. ఈ రెండు అభిప్రాయాలూ అసలు సంగతిని వదిలేస్తున్నాయని నా నమ్మకం. పాత వస్తువు కొత్త కానుకగా మారిన చోట, దాన్ని చేసినవాళ్ళు కేవలం లేమికి తలవంచి చేయలేదు. ఆ పాతదనమే కావాలని కోరి చేశారు. ఈ మాటకు సాక్ష్యంగా బెంగాలు కాంథా చరిత్ర చాలు. అరిగి మెత్తబడిన చీరలనూ పంచెలనూ పొరలుగా పరిచి, చీర అంచుల్లోంచి లాగిన రంగు పోగులతోనే వాటి మీద బొమ్మలు కుట్టి, పుట్టిన బిడ్డకో, కొత్త అల్లుడికో, కన్నవాళ్ళకో ఇచ్చిన దుప్పటి అది. మన బొంతకూ, కర్ణాటక కౌదికీ, మహారాష్ట్ర గోధడీకీ, బీహారు సుజనీకీ అది తోబుట్టువు.

కుట్టిన పాత గుడ్డకు మన దేశంలో గౌరవం దక్కిన తొలి ఆధారాలు ఇంటి ఆడవాళ్ళ దగ్గర కాదు, ఇల్లు విడిచినవాళ్ళ దగ్గర కనిపిస్తాయి. దుమ్ములోనూ శ్మశానంలోనూ దొరికిన పీలికలు ఏరి, కుట్టి, కట్టుకునే భిక్షువుల ఆచారాన్ని బౌద్ధ వినయ పిటకం వివరంగా చెబుతుంది. మగధలోని వరిమళ్ళను బుద్ధుడు చూపిస్తే, గట్లతో విడివడిన ఆ మళ్ళ తీరులోనే శిష్యుడు ఆనందుడు భిక్షువు కట్టే చీవరంలో ముక్కలు కూర్చాడని ఆ పిటకంలోని మహావగ్గలో ఉంది. వైద్యుడు జీవకుడు విలువైన వస్త్రం సమర్పించిన తరవాత, గృహస్థులిచ్చే బట్ట పుచ్చుకోవడానికీ భిక్షువులకు అనుమతి దొరికింది. అయినా ఆ బట్టను కూడా ముక్కలుగా కోసి కుట్టాకే కట్టుకోవాలన్న నియమం నిలిచింది. కొత్త బట్ట చేతికి వచ్చాక కూడా దాన్ని కోసి అతుకులు వేయడాన్ని లేమి అని ఎలా అంటాం? భర్తృహరి సుభాషితాల్లోనూ, భజగోవింద శ్లోకాల్లోనూ కంథ, అంటే అతుకుల బట్ట, ధరించినవాడు దరిద్రుడిగా కాక దేనికీ లోబడనివాడిగా కనిపిస్తాడు. చైతన్య చరితామృతంలో ఇంకా స్పష్టమైన ఘట్టం ఉంది. పూరీలో ఉన్న చైతన్యుడి కోసం ఆయన భక్తుడు జగదానందుడు మేలైన బట్టలో బూరుగు దూది నింపి పరుపూ దిండూ సిద్ధం చేస్తే, ఆయన వద్దన్నాడు. మరో భక్తుడు స్వరూప దామోదరుడు ఎండిన అరటాకులను సన్నగా చీల్చి, చైతన్యుడి పైబట్టల్లోనే కూర్చి ఇస్తే ఒప్పుకున్నాడు. రెండూ భక్తితో చేసినవే. మనిషిని చూసి చేసింది రెండోది.

సన్యాసి కారణం వేరు, సంసారి కారణం వేరు, మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని ఎలా నిరూపిస్తారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సంసారి కారణం ఉయ్యాల దగ్గర దొరుకుతుంది. బీహారులో సుజనీ ముఖ్యంగా పుట్టిన బిడ్డ కోసం కుట్టేది. పీలికలకు అధిదేవతగా అక్కడ చితిరియా మాయి అనే అమ్మవారిని తలుచుకుంటారు. పాత గుడ్డలు కలిపి కుడితే బిడ్డకు కీడు తగలదని నమ్మకం. తెలుగు ఇళ్ళలోనూ పొత్తిళ్ళకు వాడేది అమ్మదో అమ్మమ్మదో పాత నేత చీరే. కలిగినవాళ్ళ ఇళ్ళలోనూ ఇదే ఆచారం కాబట్టి డబ్బు లేకపోవడం ఇక్కడ కారణం కాదు. కొత్త బట్టలో గంజి ఉంటుంది, బిరుసు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఉతికిన నూలుబట్టలో ఆ రెండూ పోయి పసివాడి ఒంటికి సరిపడే మెత్తదనం వస్తుంది. అంటే చీర పాతబడటంలో పోగొట్టుకున్నది కొంతైతే, సంపాదించుకున్నది మరికొంత ఉంది. ఆ సంపాదన ఏ అంగట్లోనూ అమ్మకానికి దొరకదు. కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1939లో కాంథా మీద రాసిన వ్యాసంలో, పీలికలను కలిపి మళ్ళీ ఒక నిండు వస్తువుగా చేయడంలోనే దీని అర్థం ఉందని వివరించింది. నమ్మకం వైపు నుంచి చూసినా, నూలు గుణం వైపు నుంచి చూసినా, పాత బట్టను ఎంచుకోవడానికి బలమైన కారణమే కనిపిస్తుంది.

కాంథా పనితనం కూడా ఆ పాత బట్ట లోంచే పుట్టింది. నేడు మనకు బాగా తెలిసిన మగ్గం వర్కులో గుడ్డను చట్రానికి బిగించి లాగుతారు. అరిగిన చీరను అలా లాగితే చిరుగుతుంది. అందుకని కాంథా పొరలను నేల మీద పరిచి, సరిచేసి, ఒడిలో పెట్టుకుని కుట్టారు. సూదిని పైకీ కిందికీ ముంచి తీసే సాదా రన్నింగ్ కుట్టే దీనికి ఆధారం. బలం లేని బట్ట మీద దట్టమైన, బరువైన కుట్టు వేస్తే ఆ చోటే తెగిపోతుంది. చిన్న చిన్న సాదా కుట్లు దగ్గర దగ్గరగా బట్టంతా పరుచుకుంటే లాగుడు అన్ని పోగుల మీదా సమానంగా పడుతుంది, పొరలన్నీ ఒకదానికొకటి ఆసరా అవుతాయి. బొమ్మల చుట్టూ ఖాళీ జాగాను కూడా తెల్లదారంతో నింపేయడం వల్ల కాంథా మీద సన్నని అలల వంటి ముడతలు వస్తాయి. చూసేవాళ్ళు అలంకారమనుకునే ఆ అలలు నిజానికి అరిగిన బట్టను నిలబెట్టే ఆధారం. రంగుల సంగతీ అంతే. 19వ శతాబ్దపు కాంథాలలో తెల్లని నేల మీద ఎరుపు, నీలం, నలుపు ఎక్కువగా కనిపించేది ఆనాటి చీరల అంచులు ఆ రంగుల్లో ఉండడం వల్లే. తరవాతి కాలంలో దుకాణంలో కొన్న దారాలు వచ్చాక కాంథా రంగులే మారిపోయాయి. చేతిలో ఉన్న సరుకు ఇక్కడ కళకు అడ్డుపడలేదు. ఏ కుట్టు వేయాలో, ఏ రంగు వాడాలో అదే నేర్పింది.

ఇక ఎవరికిచ్చారన్న సంగతి. కాంథా అంటే ఒక్క దుప్పటే కాదు. చలికాలంలో కప్పుకునేది లేప్, అతిథి కూర్చోవడానికి పరిచేది సుజని, అద్దమూ దువ్వెనా చుట్టిపెట్టేది ఆర్శిలత, పుస్తకానికి చుట్టేది బైటన్, డబ్బులో వక్కలో దాచుకునే సంచి దుర్జని. ప్రతిదానికీ ఒక కొలత, ఒక పని, దాన్ని వాడబోయే ఒక మనిషి ఉన్నారు. నడుమ పద్మం, నాలుగు మూలలా లోపలికి వాలిన చెట్లో మామిడిపిందెలో ఉండటం ఆనవాయితీ. వాటి మధ్య మిగిలిన జాగాలో మాత్రం కుట్టే ఆమెకు పూర్తి స్వేచ్ఛ. పల్లకీ, ఏనుగు, పడవ, అడకత్తెర, హుక్కా తాగే దొర, రైలుబండి అన్నీ అక్కడికి చేరాయి. కోల్‌కతా దగ్గర జోకాలో ఉన్న గురుసదయ్ మ్యూజియంలో 19వ శతాబ్దపు కాంథా ఒకటుంది. మానదాసుందరి అనే ఆమె తన తండ్రి కోసం స్వయంగా కుట్టానని దాని మీదే దారంతో అక్షరాలు రాసింది. పాత చీరల మీద కుట్టిన పనికి ఇచ్చేదెవరో, పుచ్చుకునేదెవరో రాసుకోవడం చూస్తే, ఆమె దాన్ని సరిపెట్టుకున్న వస్తువుగా ఎంచలేదని తెలుస్తుంది. ఐసీఎస్ అధికారిగా పనిచేస్తూ ఇలాంటి కాంథాలను ఊరూరా సేకరించిన గురుసదయ్ దత్ 1941లో కన్నుమూశాడు. ఆయన చూపు లేకపోతే వీటిలో చాలావాటి ఆనవాలు కూడా మనకు మిగిలేది కాదు.

నా వాదానికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. బెంగాలులో కుట్టుదుప్పట్లు ఇంటి కానుకలుగా మాత్రమే లేవు, విదేశీ వర్తకంలోనూ ఉన్నాయి. 16వ శతాబ్దం చివర, 17వ శతాబ్దంలో సాత్‌గావ్, హుగ్లీ ప్రాంతాల్లో పోర్చుగీసువాళ్ళు పురమాయించి చేయించుకున్న పెద్ద దుప్పట్లు నేటికీ యూరప్, అమెరికా మ్యూజియాల్లో ఉన్నాయి. కొత్త నూలుబట్ట మీద పసుపుపచ్చని టస్సర్ పట్టుతో, గొలుసు కుట్టుతో, వేట దృశ్యాలూ ఓడలూ బైబిలు కథలూ కుట్టిన గొప్ప పనులవి. అంటే కొత్త సరుకూ, ముఖం తెలియని కొనుగోలుదారూ బెంగాలు సూదికి ఈనాటి సంగతులు కావు. ఒప్పుకోవలసిందే. కానీ ఈ ఉదాహరణే నా వాదానికి ఎక్కువ బలమిస్తుంది. ఆ దుప్పట్లు పోర్చుగీసు వర్తకంతో పెరిగి, ఆ వర్తకం క్షీణించగానే ఆగిపోయాయి. వాటి సరుకు దూరం నుంచి రావాలి, వాటి గిరాకీ ఇంకా దూరం నుంచి రావాలి. ఇంటి కాంథాకు ఈ రెండింటి అవసరమూ లేదు. చీర పాతబడుతుంది, బిడ్డ పుడుతుంది, సూది ఇంట్లోనే ఉంది. అందుకే కంపెనీ పాలన, మిల్లుబట్ట, కరువులు అన్నీ దాటుకుని అది 20వ శతాబ్దం దాకా నడిచింది. దగ్గర్లో దొరికే సరుకు మీద, దగ్గరి మనుషుల మీద నిలబడిన కళకు ఉండే ఆయుష్షు అది.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బాధపెట్టేది. నెలలూ, ఒక్కోసారి ఏళ్ళూ పట్టే ఈ పని చేసింది ఎవరు? ఇంటి చాకిరీ అంతా ముగించుకున్నాక మిగిలిన కాసింత పొద్దును కూలి లేకుండా సూదికి అప్పగించిన ఆడవాళ్ళు. వాళ్ళ శ్రమను ప్రేమ అని పిలిచి మురిసిపోవడం మనకు సులువు. బెంగాలీ కవి జసీముద్దీన్ 1929లో రాసిన నక్షీ కాంథార్ మాఠ్ కావ్యంలో కథానాయిక సాజు భర్త కోసం ఎదురుచూస్తూ తమ కథను కాంథా మీద కుట్టి, దాన్ని తన సమాధి మీద పరచమని కోరుతుంది. ఆ కావ్యం అంత ప్రజాదరణ పొందడానికి కారణం అందులోని దుఃఖం ఎందరికో తెలిసినది కావడమే. ఈ బరువును తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే చదువు అందని కాలంలో ఆడవాళ్ళు తాము చూసిన లోకాన్ని తమ చేత్తో నమోదు చేయగలిగిన అరుదైన తావుల్లో కాంథా ఒకటన్నది కూడా అంతే నిజం. బీహారులోని ముజఫర్‌పూర్ జిల్లా భుసురాలో 1988లో అదితి అనే సంస్థ సుజనీకి మళ్ళీ ప్రాణం పోసినప్పుడు, అక్కడి స్త్రీలు ఆ గుడ్డ మీద పువ్వులతో ఆగలేదు. కట్నం, ఇంట్లో దెబ్బలు, ఆడపిల్ల పుట్టకుండా చేయడం అన్నీ కుట్టారు. నోరు విప్పే వీలు లేని మాటను సూదితో చెప్పగల శక్తి ఆ పనిలో ముందునుంచే లేకపోతే ఇది ఒక్కనాటికి వచ్చేది కాదు. శ్రమ దోపిడీకి మందు ఆ పనికి కూలీ, గౌరవమూ దక్కించడం. పని విలువనే కాదనడం కాదు.

కూలి దక్కింది కూడా. 1971 యుద్ధం తరవాత బంగ్లాదేశ్‌లో ఆసరా కోల్పోయిన స్త్రీలకు కాంథా బతుకుతెరువైంది. 1978లో మొదలైన ఆరంగ్ దుకాణాలు దాన్ని పట్టణాలకు చేర్చాయి. పశ్చిమ బెంగాల్లో శాంతినికేతన్ పరిసరాల నుంచి కాంథా కుట్టు పట్టుచీరల మీదికి వచ్చి, హైదరాబాదు, విజయవాడ దుకాణాల్లో కాంతా వర్క్ పేరుతో అమ్ముడవుతోంది. 2023లో ప్రీతికణా గోస్వామికి ఈ కళకే పద్మశ్రీ వచ్చింది. ఇదంతా సంతోషించవలసిన విషయం. కొత్త గుడ్డ వాడారని దాన్ని నకిలీ అనడం ఆ స్త్రీల కడుపు మీద కొట్టడమే. కానీ కొత్త పట్టు మీది కాంథా కుట్టు ఒక నేర్పు. పాత చీరల కాంథా నేర్పుతో పాటు ఒక బంధం. మొదటిదాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు. రెండోది ఒకరి చీర మరొకరి మేనికి చేరినప్పుడే పూర్తవుతుంది. ఈ తేడా చెరిగిపోతే, చేతిపని కానుక అంటే చేత్తో చేసిన సరుకు అన్న అర్థమే మిగులుతుంది.

తెలుగునాట బొంత ఎందుకు వెనకబడిందో చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. బొంత మీద కాంథాలాంటి బొమ్మలు సాధారణంగా ఉండవు. వరసలు వరసలుగా సాగే కుట్లు, రంగుల అతుకులు, అంతే. దాన్ని అటకెక్కించింది మన సంపద కన్నా మన బట్ట. నైలాన్, పాలియెస్టర్ చీరలు వచ్చాక చీర అరగడం మానింది, మెత్తబడటమూ మానింది. చెమట పీల్చని గుడ్డతో బొంత కుడితే కప్పుకునేవాళ్ళకు సుఖం లేదు. పాత చీరలు స్టీలు సామాన్ల బండికి పోయి గిన్నెలుగా తిరిగొచ్చాయి. పరుపులూ రగ్గులూ చవకగా దొరికాయి. కాబట్టి నేడు ఇంట్లో ఉన్నవాటితో కానుకో అలంకారమో చేయాలనుకునేవాళ్ళు బొంతనే కుట్టాలని నేననను. కాంథా నేర్పిన క్రమాన్ని మాత్రం పాటించాలంటాను. ముందు మనిషిని తలుచుకోవాలి. ఆ తరవాత, ఆ మనిషితోనో మనతోనో కొంతకాలం గడిపిన వస్తువును వెతకాలి. దాని బలహీనత ఏమిటో చూసి, దానికి తగిన పని ఎంచుకోవాలి. చేతిపని కోసమని కొత్త కాగితాలూ, కొత్త పూసలూ, తయారుగా కోసి అమ్మే ముక్కలూ కొని తెచ్చుకుంటే ఈ క్రమం తలకిందులవుతుంది. అక్కడ వస్తువు ముందు, మనిషి వెనక. కొనలేక చేసిన కానుకలు చరిత్రలో ఎన్నో ఉన్నాయి, వాటిలో తక్కువతనం ఏమీ లేదు. కానీ కొనగలిగి కూడా ఇంట్లోని పాత వస్తువునే చేతిలోకి తీసుకున్నవాళ్ళు శతాబ్దాలుగా ఉన్నారు. దుకాణం ఎంత పెద్దదైనా అందులో తమవాళ్ళకు సరిపడేది లేదని వాళ్ళకు తెలుసు. ఆ తెలివిడిని పేదరికం అనడం మానుకుంటే, మన ఇళ్ళలో ఇవ్వదగినవి ఇంకా ఎన్నో ఉన్నాయి.