పరిహారం

‘పరి’ ఉపసర్గ, ‘హృ’ ధాతువు కలిసి పుట్టిన సంస్కృత పదం ‘పరిహారం’. తొలగించడం, నివారించడం అని అర్థం. గుళ్లో దోషపరిహారం, పంట మునిగితే నష్టపరిహారం మనకు తెలిసినవే. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో వచ్చిన సవరణతో ఈ మాట ఫ్యాక్టరీల్లో లే-ఆఫ్‌కు, అంటే కార్మికుడికి తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడానికి కూడా వర్తించింది. ముడిసరుకు అందకో, యంత్రం చెడిపోయో యాజమాన్యం లే-ఆఫ్ ప్రకటిస్తే, 50 మందికి తగ్గని ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి మూలవేతనం, కరువు భత్యంలో సగం పరిహారంగా ఇవ్వాలి. బద్లీ (మరొకరి బదులు పనిచేసే), క్యాజువల్ కార్మికులకు ఇది వర్తించదు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ సగాన్ని అలాగే ఉంచింది. లే-ఆఫ్ రోజుల్లోనూ పనివేళకు వెళ్లి మస్టర్‌లో హాజరు వేయించుకోవాలి. వెళ్లకపోతే పరిహారం రాదు. నోటీసు బోర్డు మీద లే-ఆఫ్ కాగితం కనిపించిన రోజే ఈ సంగతి తోటివారికి చెప్పండి.