45 మిల్లీమీటర్ల పట్టాల మీద అజంతా ఎక్స్‌ప్రెస్

మీలో చాలామంది అమీర్‌పేటలో జావానో, ఒరాకిలో, టెస్టింగో నేర్చుకున్నవాళ్ళే అయ్యుంటారు. మైత్రీవనం ముందు ఎవరో ఒకరు చేతిలో కుక్కిన కరపత్రం అందుకోనివాడు మన ఫీల్డులో ఉన్నాడంటే నేన్నమ్మను. ఆ సందడికి కాస్త దూరంలోనే, నేచర్ క్యూర్ హాస్పిటల్ దగ్గర ఎంఎంటీఎస్ ఎక్కుతాం చూడండి, ఆ దారి 1874 నాటిది. వాడి నుంచి సికింద్రాబాదుకి నిజాం ఖర్చుతో వేసిన మొట్టమొదటి లైను.

నాకు రైళ్ళ పిచ్చి. కొంతకాలంగా ఒక పెద్ద సైజు మోడల్ ఆవిరి ఇంజన్ కోసం వెతుకుతున్నాను. షోకేసులో పెట్టుకునే బొమ్మ కాదు. పెరట్లో పట్టాలు పరిచి, బాయిలర్లో నిజంగా నీళ్ళు మరిగించి నడిపేది. పెరడు ఎక్కడిదని అడక్కండి. పంజగుట్టలో పెరళ్ళన్నీ అపార్ట్‌మెంట్లై చాలా కాలమైంది. నాకున్నది డాబా, అదీ ఓనరుగారి దయ. చుట్టుపక్కల బొమ్మల కొట్లన్నీ తిరిగాను. బ్యాటరీ వేస్తే కూ అని అరిచి సోఫా కిందికి దూరిపోయే ప్లాస్టిక్ బళ్ళు తప్ప ఇంకేం లేవు. ఇక నెట్ మీద పడ్డాను.

అక్కడ మొదట అర్థం కావాల్సింది గేజ్ సంగతి. పెరటి రైళ్ళకి ప్రపంచమంతా ఎక్కువగా వాడేది 45 మిల్లీమీటర్ల పట్టాలు. దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది ఎల్‌జీబీ అనే జర్మన్ బ్రాండు, 1968లో. (2006లో ఆ కంపెనీ దివాలా తీసింది. తర్వాతి ఏడాది మార్‌క్లిన్ వాళ్ళు కొన్నారు.) వాళ్ళు ఎంచుకున్న స్కేలు 1:22.5. ఎందుకంటే వెయ్యి మిల్లీమీటర్ల మీటర్ గేజ్‌ని 22.5తో భాగిస్తే 44.4, అంటే దాదాపు 45 వస్తుంది. అమెరికాలో మూడడుగుల గేజ్ వాళ్ళు ఇవే పట్టాల మీద 1:20.3 అన్నారు. మామూలు స్టాండర్డ్ గేజ్ కావాలన్నవాళ్ళు 1:32 అన్నారు. ఇంకొందరు లెక్క కుదరకపోయినా చూడ్డానికి బాగుందని 1:29 అన్నారు. ఇంటర్‌ఫేస్ ఒకటే, వెనకాల ఎవడి ఇంప్లిమెంటేషన్ వాడిది. మనకిది కొత్తేం కాదు కదా!

మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. దాన్ని 45 మీదకి దించాలంటే 1:37 కావాలి. ఆ స్కేల్లో చేసే కంపెనీ ఏదీ నాకు కనబడలేదు. కాబట్టి నేచర్ క్యూర్ పక్కన నడిచిన పాత బళ్ళు నా డాబా మీదకి రావు. మన మెట్రో స్టాండర్డ్ గేజే, 1:32లో చక్కగా కుదురుతుంది గానీ దానికి ఆవిరి లేదాయె. మిగిలింది మీటర్ గేజ్. 1:22.5లో దానికి సరిగ్గా సరిపోయే పట్టాలు యాభై ఏళ్ళకి పైగా బజార్లో దొరుకుతున్నాయి.

మరి మన మీటర్ గేజ్ కథేంటి? నిజాం రైల్వేకి మొదటి లైను బ్రాడ్ గేజే. వాడి దగ్గర బొంబాయి నుంచి వచ్చే జీఐపీ రైల్వేతో కలవాలి, సికింద్రాబాదు కంటోన్మెంటుకి సైన్యం తిన్నగా రావాలి, అదీ ఇంగ్లీషువాళ్ళ లెక్క. డబ్బు మాత్రం నిజాంది. 1883లో ఈ లైనుని లండన్ కంపెనీకి అప్పజెప్పి, వాళ్ళ పెట్టుబడి మీద రాబడికి నిజాం ప్రభుత్వమే పూచీ పడింది. పేరులో 'గ్యారంటీడ్' అని ఉండేది అందుకే. నష్టమొస్తే మనది, లాభం గ్యారంటీగా వాళ్ళది. ఆ ఏడాదే ఈ ఒప్పందం షరతులు జనానికి చెప్పాలంటూ హైదరాబాదులో గొడవ మొదలైంది. చాందా రైల్వే ఉద్యమం అంటారు దాన్ని. అందులో ఉన్నందుకు అఘోరనాథ్ ఛటోపాధ్యాయని ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. సరోజినీ నాయుడుగారి నాన్నగారు. రైలు టెండరు వివరాలు అడిగినందుకు బహిష్కరణ! ఈ ఊళ్ళో సమాచార హక్కు అడగడం అంత పాతదన్నమాట.

ఆ కంపెనీ బ్రాడ్ గేజ్‌ని 1889కల్లా బెజవాడ దాకా తీసుకెళ్ళింది. తర్వాత తక్కువ ఖర్చులో అవుతుందని మన్మాడ్ వైపు మీటర్ గేజ్ వేశారు. హైదరాబాద్ గోదావరి వ్యాలీ రైల్వే అని పేరు. నిజామాబాదు, నాందేడ్, పర్భణీ, ఔరంగాబాదు మీదుగా 1901 నాటికి మన్మాడ్ చేరింది. 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ తర్వాత రోజుల్లో మీటర్ గేజ్‌కి పెద్ద అడ్డా అయింది. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేని తిరిగి కొనేసింది. 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే వచ్చింది.

ఆ లైను మీద పరిగెత్తిందే అజంతా ఎక్స్‌ప్రెస్, కాచిగూడ నుంచి మన్మాడ్. 1960ల్లో దేశంలోని మీటర్ గేజ్ ఆవిరి బళ్ళలో వేగమైన వాటిలో ఒకటని పేరు. వేగం అంటే గంటకి సగటున నలభై చిల్లర కిలోమీటర్లు. నవ్వకండి, సాయంత్రం ఏడింటికి పంజగుట్ట నుంచి హైటెక్ సిటీకి మన సగటెంతో చూసుకున్నాక నవ్వుదురుగాని. ఇలాంటి బళ్ళ కోసం చేయించినవే వైపీ ఇంజన్లు. 1949 నుంచి 1970 దాకా 871 తయారయ్యాయి, ఎక్కువ భాగం జంషెడ్‌పూర్ టెల్కోలో. ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్దవి, వెనక రెండు. టెండరుతో కలిపి పొడవు 19 మీటర్లు. 22.5తో భాగించండి, 84 సెంటీమీటర్ల చిల్లర. 100 టన్నుల బరువుని ఘనంతో భాగిస్తే తొమ్మిది కిలోల లోపు. డాబా మీదకి ఒక మనిషి మోసుకెళ్ళచ్చు.

అన్నీ ఇంత బాగా కుదిరాయి కదా, మరి వైపీ మోడల్ ఎక్కడ? నేను చూసిన కేటలాగుల్లో లేదు. స్విస్ కొండల బళ్ళున్నాయి, కొలరాడో గనుల బళ్ళున్నాయి. మన దేశానివి లేవా అంటే, డార్జిలింగు బుల్లి ఇంజన్ ఉంది. ఇంగ్లండులో దాన్ని నిజం ఆవిరితో నడిచేలా చేసి అమ్మారు, ఖరీదు లక్ష పైమాటే. డార్జిలింగుకి దొరలు చల్లగాలికి వెళ్ళారు, ఆ బండి మీద వాళ్ళకి మోజు. ముద్దుగానే ఉంటుంది, కాదనను. కానీ నిజామాబాదు నుంచి మూటలతో పట్నానికి బతకడానికొచ్చిన జనాన్ని మోసిన ఇంజన్ని బొమ్మగా కూడా ఎవరూ చెయ్యలేదంటే, ఆ పని వాళ్ళు చెయ్యలేదని ఏడవడం అనవసరం. మనం చెయ్యలేదు. పుణేలో జోషిగారు చిన్న స్కేల్లో ఏకంగా ఒక ఊరే కట్టి 1998లో మ్యూజియం తెరిచారు. మనకి కొలతలు రాసుకునే ఓపిక కూడా లేకపోయింది. 1992లో మొదలైన యూనిగేజ్‌తో మన మీటర్ గేజ్ లైన్లు ఒక్కొక్కటే బ్రాడ్ అయ్యాయి. అజంతా ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ ఉంది, పట్టాలు వేరు, ఇంజన్ వేరు. హర్యానాలో రేవారీ షెడ్డులాంటి చోట్ల మీటర్ గేజ్ ఇంజన్లు మిగిలాయి. మిగతావి చాలావరకు తుక్కు కింద పోయాయి.

కాబట్టి చేయించుకోవడమే దారి. బాయిలర్ మాత్రం ఇంట్లో చేసేది కాదు. రాగి రేకు, వెండి సోల్డరు, మామూలుగా నడిపే ఒత్తిడికి రెండింతల నీటి ఒత్తిడితో పరీక్ష. అది అనుభవమున్నవాళ్ళ దగ్గర కొనాల్సిందే. నీళ్ళకి ఇబ్బంది లేదు, పెట్రోలు బంకులో దొరికే బ్యాటరీ నీళ్ళు చాలు. మంటకి బ్యుటేన్ డబ్బా. ఒకసారి నింపితే ఓ ఇరవై నిమిషాలు నడుస్తుంది. ఇక మన ఎండ. పది మీటర్ల ఇత్తడి పట్టా 30 డిగ్రీల తేడాకి దాదాపు ఆరు మిల్లీమీటర్లు సాగుతుంది, అతుకుల దగ్గర సందు వదలకపోతే మేలో డాబా మీద పట్టాలు పాముల్లా మెలికలు తిరుగుతాయి.

చక్రాల సంగతి మాత్రం తేలింది. వైపీ పెద్ద చక్రం వ్యాసం 1372 మిల్లీమీటర్లు, అంటే మనకి 61. అమీర్‌పేట నుంచి బాలానగర్ ఎంత దూరం, అక్కడ లేత్ మిషన్లకి కొదవా! పోయిన శనివారం డ్రాయింగు పట్టుకుని వెళ్ళాను. లేత్ ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏ మిషన్‌ది సార్ ఇది?" అన్నాడు. అజంతా ఎక్స్‌ప్రెస్‌ది అన్నాను. "మా నాయన దాంట్లనే వచ్చిండు సార్ నాందేడ్ నుంచి" అని, ఆరు చక్రాలకి రేటు రాసిచ్చాడు. బేరమాడలేదు.