బడి పద్దు: గ్రామ పాఠశాలల నిధులు, భవనాలు, ఫలితాలు – నెమలి నేపథ్యంలో చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగునాట విద్యాచరిత్రను గూర్చిన రచనలలో పాఠ్యగ్రంథాలకు, భాషోద్యమాలకు, సంస్కర్తలకు దక్కిన స్థానం బడి జమాఖర్చులకు దక్కలేదు. కందుకూరి వీరేశలింగం, గిడుగు రామమూర్తి వంటివారి కృషి సాహిత్యచరిత్రలో భాగమైంది. అదే కాలంలో పంతులు జీతం, పాక కప్పు, నల్లబల్ల ఏ పన్ను నుంచి వచ్చాయన్న ప్రశ్న పరిపాలనా నివేదికలకే పరిమితమైంది. అయితే బడిలో ఏమి బోధించాలన్నది ఎంత ముఖ్యమో, ఆ బడిని ఎవరి సొమ్ముతో, ఎవరి నిర్ణయంతో నిలబెట్టాలన్నదీ అంతే ముఖ్యం.

ఈ వ్యాసం నెమలి గ్రామాన్ని దృష్టికోణంగా గ్రహిస్తుంది. వేణుగోపాలస్వామి ఆలయంతో ప్రసిద్ధి పొందిన నెమలి తిరువూరు ప్రాంతంలో, గంపలగూడెం మండలంలో ఉంది. పూర్వపు నిజాం రాజ్యపు సరిహద్దుకు చేరువైన ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోను, 1953లో ఆంధ్ర రాష్ట్రంలోను, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోను భాగమైంది. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి విడివడి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. ఇటువంటి గ్రామంలోని బడికి సొమ్ము సమకూర్చినది ఎవరు, అవసరాన్ని నిర్ణయించినది ఎవరు, ఫలితాన్ని కొలిచినది ఎవరు అన్న మూడు ప్రశ్నలను కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వీధిబడి నుంచి తహశీలు బడి వరకు

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ విద్యపై కలెక్టర్ల నుంచి వివరాలు కోరాడు. రాజధాని మొత్తంమీద 12,498 బడులలో 1,88,650 మంది చదువుతున్నట్లు ఆ సర్వేలో తేలింది. ఈ బడులకు ప్రత్యేక భవనం ఉండితీరాలన్న నియమం లేదు. అరుగు, పందిరి, గుడి మండపం బడిగా సరిపోయేవి. పంతులుకు పిల్లల ఇళ్లనుంచి నెలనెలా కొంత రొక్కం, పండుగలకు కానుకలు, కోతల కాలంలో ధాన్యం ముట్టేవి. ఇక్కడ వ్యయం ఉంది, ఆదాయం ఉంది, కాని వ్రాసిన బడ్జెట్ లేదు. ఇచ్చేవారు, అడిగేవారు ఒకే ఊరివారు కావడంవల్ల లెక్క నోటిమాటగానే సాగింది. ఈ వ్యవస్థను ఆదర్శంగా చిత్రించడం సరికాదు. ఇవ్వగల ఇంటి పిల్లలకే ప్రధానంగా అందిన చదువు అది. స్త్రీలు, అంటరానివారుగా నెట్టివేయబడిన కులాలవారు చాలావరకు దానికి వెలుపలే ఉండిపోయారు.

1826లో మన్రో చేసిన ప్రతిపాదనలో ప్రతి తహశీలుకు ఒక బడి, ప్రతి కలెక్టరేటుకు రెండు పెద్ద బడులు ఉన్నాయి. తహశీలు బడి ఉపాధ్యాయుడికి నెలకు 9 రూపాయలు, కలెక్టరేటు బడి ఉపాధ్యాయుడికి 15 రూపాయలు జీతంగా సూచించాడు. బడి అవసరాన్ని ఊరి స్థోమతనుబట్టి కాక, పరిపాలనా విభాగాన్నిబట్టి ముందుగా లెక్కకట్టిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. ఆ బడులు ఎంతోకాలం నిలవలేదు గాని, 'ఇంత ప్రాంతానికి ఇంత సొమ్ము' అన్న పద్ధతి మాత్రం నిలిచిపోయింది.

సెస్సు, గ్రాంటు: కొలత మారిన తీరు

1871 మద్రాసు స్థానిక నిధుల చట్టం భూమిపై సెస్సుకు మార్గం ఏర్పరచింది. దాని గరిష్ఠ పరిమితి భూమి వార్షిక శిస్తు విలువలో రూపాయికి ఒక అణా. ఆ రాబడిలో రోడ్లదే పెద్ద వాటా. వైద్యం, పారిశుద్ధ్యం, విద్య మిగిలినదాన్ని పంచుకోవలసి వచ్చింది. 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, యూనియన్లు ఏర్పడ్డాయి. రైతు కట్టిన పన్ను జిల్లా కేంద్రానికి వెళ్లి, అక్కడి కేటాయింపుగా తిరిగి బడికి చేరడం అప్పటినుంచి స్థిరపడింది. కోతల కాలంలో పంతులుకు నేరుగా కొలిచిన ధాన్యానికి, పన్నుగా వెళ్లి గ్రాంటుగా వచ్చిన సొమ్ముకు మధ్య ఉన్న దూరాన్ని గమనించాలి. ఆ దూరంలోనే దరఖాస్తు, తనిఖీ, మంజూరు అనేవి పుట్టాయి.

ఫలితాలనుబట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి ఈ కాలపు మరొక లక్షణం. తనిఖీ అధికారి వచ్చిన రోజున ఎంతమంది పిల్లలు పరీక్షలో నెగ్గితే బడికి అంత సొమ్ము. దీనివల్ల అనేక వీధిబడులు ప్రభుత్వ లెక్కలోకి వచ్చాయి, పాఠ్యాంశాలకు ఒక క్రమం ఏర్పడింది. కాని పరీక్షకు పనికిరాని చదువు, పరీక్షనాటికి హాజరుకాలేని పిల్లవాడు పద్దులో విలువలేనివిగా మారాయి. కూలి ఇళ్ల పిల్లలు పొలం పనుల కాలంలో బడికి దూరమైతే నష్టం ఆ కుటుంబానికి మాత్రమే కాదు, పంతులుకు కూడా. కాబట్టి అటువంటి పిల్లలను చేర్చుకోకపోవడమే లాభమన్న ఆలోచనకు ఆ కొలతలోనే తావుంది.

1920లో వచ్చిన మద్రాసు ప్రాథమిక విద్యాచట్టం జిల్లా విద్యామండళ్లను ఏర్పరచి, స్థానిక సంస్థలు విద్యాపన్ను విధించడానికి, ప్రభుత్వం దానికి తోడ్పాటు మొత్తం చేర్చడానికి వీలు కల్పించింది. ఊరు ఎంత కూడబెడితే ప్రభుత్వం అంత కలుపుతుందన్న సూత్రం న్యాయంగానే కనిపిస్తుంది. అయితే కూడబెట్టగల ఊరికే అదనపు సాయం అందుతుందన్నది దాని మరో ముఖం. నీటివసతి గల డెల్టా తాలూకాలకు, తిరువూరు వంటి మెట్ట తాలూకాకు పన్ను చెల్లించే శక్తి సమానం కాదు.

సమితి, పరిషత్తు: భవనం ఎవరిది?

1959 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ ప్రారంభమైంది. ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితులకు, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకు చెందాయి. 1980ల మధ్యలో మండల వ్యవస్థ వచ్చాక సమితి స్థానాన్ని మండల ప్రజాపరిషత్తు ఆక్రమించింది. నేటికీ ఊరి బడి బోర్డుపై కనిపించే 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల', 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అన్న పేర్లు ఈ చరిత్రకు గుర్తులు.

పేరు పరిషత్తుదే అయినా జీతాలు రాష్ట్ర ఖజానానుంచే వచ్చాయి. విద్యా వ్యయంలో సింహభాగం జీతాలదే కనుక స్థానిక సంస్థల చేతిలో మిగిలినది స్థలం, గది, మరమ్మతు. ఆ పనులకు సొంత రాబడి చాలక పథకాలపై ఆధారపడవలసి వచ్చింది. 1986 జాతీయ విద్యావిధానాన్ని అనుసరించి మరుసటి సంవత్సరం మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు పెద్ద గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని నిర్దేశించింది. స్వాతంత్ర్యం వచ్చి నాలుగు దశాబ్దాలైనా రెండు గదులను లక్ష్యంగా పెట్టుకోవలసి రావడం అప్పటి పరిస్థితిని తెలియజేస్తుంది. అనంతరం జిల్లా ప్రాథమిక విద్యాపథకం, 2001 నుంచి సర్వశిక్షా అభియాన్ అదనపు తరగతి గదులను సమకూర్చాయి.

1992లో ఆమోదం పొందిన 73వ రాజ్యాంగ సవరణ ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్యను పంచాయతీలకు అప్పగించదగిన అంశాల జాబితాలో చేర్చింది. అయితే బడి సొమ్ము మాత్రం ప్రధానంగా పథకాల మార్గంలోనే ప్రవహించింది. 2022లో జిల్లాలు విడిపోయిన తరువాత కూడా జిల్లా పరిషత్తు పాత కృష్ణా జిల్లా పరిధిలోనే కొనసాగడంతో నెమలి ప్రాంతపు రెవెన్యూ పాలన ఒక జిల్లాలో, పరిషత్తు కార్యాలయం మచిలీపట్నంలో ఉండే స్థితి ఏర్పడింది.

తీర్మానాల పుస్తకం: తల్లిదండ్రుల ప్రవేశం

1998లో రాష్ట్రం చేసిన పాఠశాల విద్యలో ప్రజా భాగస్వామ్య చట్టం, 2009 విద్యాహక్కు చట్టం బడి ప్రణాళికలో తల్లిదండ్రులకు చట్టబద్ధమైన స్థానం ఇచ్చాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో మూడువంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తంలో సగం స్త్రీలు ఉండాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను ఆ కమిటీయే తయారుచేయాలి.

దీని ప్రభావం 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన 'మన బడి – నాడు నేడు' కార్యక్రమంలో స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి విడతలో 15,715 పాఠశాలలను సుమారు 3,669 కోట్ల రూపాయలతో చేపట్టారు. నీటి వసతిగల మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతులు, విద్యుత్తు, బల్లలు, రంగులు, ప్రహరీ వంటివి అందులో భాగాలు. పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించడం దీని ప్రత్యేకత. ప్రభుత్వ ఉత్తర్వులలో 'పాఠశాల'గా ఉన్నది పథకం పేరులో 'బడి' కావడం, దానికి 'మన' అన్న మాట చేరడం భాషాపరంగానూ గమనించదగినవి. అయితే నిధుల జాప్యంవల్ల రెండవ విడతలో చాలాచోట్ల పనులు అసంపూర్తిగా నిలిచాయి. పని చేయించే బాధ్యత ఊరికి వచ్చినా, సొమ్ము విడుదల చేసే నిర్ణయం ఊరికి రాలేదని ఇది తెలుపుతుంది.

నిర్మాణం తరువాత వచ్చేది నిర్వహణ. అమ్మఒడి కింద తల్లికి ఉద్దేశించిన 15,000 రూపాయలలో మొదట 1,000 మరుగుదొడ్ల నిర్వహణకు, తరువాత మరొక 1,000 పాఠశాల నిర్వహణకు మినహాయించారు. ప్రభుత్వం మారాక 2025లో అమలైన తల్లికి వందనం పథకంలోనూ 13,000 తల్లికి, 2,000 పాఠశాల వసతులకు అన్న విభజన కొనసాగింది. రూపాయికి అణా సెస్సుకు, ఈ మినహాయింపుకు చట్టరీత్యా పోలిక లేదు. కాని బడి నిత్యనిర్వహణ భారంలో కొంత చదువుకునే పిల్లల ఇంటి పేరిటనే నమోదవుతున్నదన్న అంశం రెండింటికీ సామాన్యం. తల్లులు ఈ సొమ్ము ఖర్చు వివరం అడగడానికి ఇదే బలమైన ఆధారం.

2018లో ఏర్పడిన సమగ్ర శిక్ష కింద పాఠశాలకు ఇచ్చే ఏకీకృత గ్రాంటు విద్యార్థుల సంఖ్యనుబట్టి నిర్ణయమవుతుంది. 101 నుంచి 250 మంది ఉన్న బడికి 50,000 రూపాయలు, అంతకు మించి 1,000 మంది వరకు ఉన్న బడికి 75,000. పిల్లలు ప్రైవేటు బడులకు తరలిన ఊళ్లలో గ్రాంటు తగ్గుతుంది. కాని గోడల సంఖ్య, కారే కప్పు, కరెంటు తీగ తగ్గవు. నాడు ఉత్తీర్ణుల సంఖ్య, నేడు నమోదు సంఖ్య: కొలత మారింది గాని, బలహీనమైన బడికి తక్కువ సొమ్ము చేరే తర్కం పూర్తిగా మారలేదు.

పద్దు పదజాలం

ఈ పరిణామం భాషలోనూ నిక్షిప్తమై ఉంది. జమ, ఖర్చు, బాకీ అనే పారశీక, అరబ్బీ మూలపదాలు నవాబుల కాలపు లెక్కలనుంచి నిలిచాయి. సెస్సు, గ్రాంటు, బోర్డు, బడ్జెట్ కంపెనీ, దొరతనాల కాలంలో చేరాయి. తీర్మానం, ప్రణాళిక, భాగస్వామ్యం వంటి మాటలు స్వాతంత్ర్యానంతర పాలనలో విరివిగా వినిపిస్తాయి. 'వాన పడితే మూడో తరగతి తడుస్తుంది' అని తల్లి చెప్పినది కమిటీ పుస్తకంలో 'పైకప్పు మరమ్మతు నిమిత్తం తీర్మానించడమైనది'గా మారుతుంది. ఆ మార్పులో పని గుర్తింపు పొందుతుంది, అవసరపు తీవ్రత మాత్రం జారిపోతుంది. అందువల్ల తీర్మానాల పుస్తకాలు కేవలం కార్యాలయ పత్రాలు కావు. అవి గ్రామం రాజ్యంతో మాట్లాడిన భాషకు ఆధారాలు, పరిశోధకులు భద్రపరచి చదవవలసిన వచన సంపద.

ముగింపు

2011 జనగణనలో ఉమ్మడి కృష్ణా జిల్లా అక్షరాస్యత 73.74 శాతం. నాటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67.02 శాతం. ఈ సాధన వెనుక అణా సెస్సు కట్టిన రైతు, ధాన్యం కొలిచిన గృహిణి, తీర్మానంపై వేలిముద్ర వేసిన తల్లి ఉన్నారు. పై పరిశీలన వలన మూడు అంశాలు తేలుతున్నాయి. బడికి సొమ్ము ఇచ్చిన మూలాలు మారినా కొలత ఎప్పుడూ బయటనుంచే వచ్చింది. కొత్త నిర్మాణానికి దొరికిన ప్రాధాన్యం నిర్వహణకు దొరకలేదు. ప్రణాళిక వ్రాసే హక్కు ఊరికి వచ్చిన తరువాత కూడా నిధి విడుదల హక్కు పైననే ఉంది. కమిటీ వ్రాసిన అభివృద్ధి ప్రణాళికకు, మంజూరైన మొత్తానికి మధ్య తేడాను ఏటా అదే కమిటీ ఎదుట చదివి వినిపించే ఏర్పాటు జరిగితే, బడి పద్దు మళ్లీ ఊరికి అర్థమయ్యే లెక్క అవుతుంది.