ఎలక్ట్రానుకు బాట వేసిన రసాయనములు

విద్యుత్తును గూర్చి పాఠశాలలో చెప్పునపుడు మనము పదార్థములను రెండు తెగలుగా విభజింతుము. రాగి, వెండి, అల్యూమినియము వాహకములు. మైనము, గంధకము, చక్కెర, కలరా ఉండలలోని నాఫ్తలీను అవాహకములు. ఈ విభజన తప్పు కాదు. కాని నేడు అనేక సెల్‌ఫోనుల తెరలలోను, కొన్ని టెలివిజనులలోను వెలుగును పుట్టించుచున్నవి నాఫ్తలీనుకు దూరపు చుట్టములైన కర్బన సమ్మేళనములే. అవాహకములని పేరుపడిన ఇట్టి పదార్థములలో విద్యుత్తు ఎట్లు నడచుచున్నది? ముఖ్యముగా, వానిలో ఎలక్ట్రాను నడకను సుగమము చేయుటకు రసాయన శాస్త్రజ్ఞులు ఏమి చేసిరి? ఈ చరిత్ర నూఱేండ్లకు పైబడినది. రసాయన శాస్త్రమును బోధించువారికిని, చదువువారికిని తెలిసికొనదగినది.

లోహములో ఎలక్ట్రానులు ఏ ఒక్క పరమాణువునకును కట్టుబడక స్వేచ్ఛగా తిరుగును. కర్బన ఘనపదార్థములో అట్లు కాదు. అందు అణువులు ఒకదానినొకటి అంటీ అంటనట్లు ఉండును. ఎలక్ట్రాను ఒక అణువునుండి ప్రక్క అణువునకు గెంతవలసినదే. ఇల్లు కట్టుచోట కూలీలు వరుసగా నిలిచి ఇటుకలను చేతినుండి చేతికి అందించుకొనుట మన మెఱిగినదే. ఇదియు అట్టిదే. ఒక అణువు అదనముగా ఒక ఎలక్ట్రానును పుచ్చుకొని ప్రక్కదానికి అందించుట ఒక విధము. ఒక అణువు తన ఎలక్ట్రానును పోగొట్టుకొనగా, ఆ లోటును తీర్చుటకు ప్రక్క అణువు తనదానిని ఇచ్చుట రెండవ విధము. ఈ రెండవదానిలో ఖాళీ చోటే ఎదురు దిక్కునకు నడచినట్లు కనబడును. ఈ ఖాళీని 'రంధ్రము' అందురు. అది ధనావేశము కలదానివలె ప్రవర్తించును. ఎలక్ట్రాను, రంధ్రము ఒకే అణువుపై కలిసికొన్నపుడు వెలువడు శక్తి కొన్ని పదార్థములలో కాంతిగా బయటపడును. కర్బన దీపమునకు మూలసూత్రము ఇదే.

1906లో ఇటలీ దేశస్థుడైన పొచెట్టినో, వెలుతురు సోకినపుడు ఆంత్రసీను స్ఫటికము కొంత విద్యుత్తును ప్రసరింపజేయునని కనుగొనెను. ఆంత్రసీను బొగ్గు తారునుండి లభించు పదార్థము. దాని అణువులో మూడు బెంజీను వలయములు వరుసగా అతుకుకొని యుండును. 1954లో జపానులో అకమట్సు, ఇనొకుచి, మత్సునాగా అనువారు పెరిలీను అను కర్బన పదార్థమునకు బ్రోమీనును చేర్చినచో దాని వాహకత్వము ఎంతో పెరుగునని చూపిరి. 1963లో న్యూయార్కు విశ్వవిద్యాలయమున మార్టిన్ పోప్, ఆయన సహచరులు ఆంత్రసీను స్ఫటికమునకు సుమారు 400 వోల్టుల ఏకముఖ విద్యుత్తు నిచ్చి వెలుగును రప్పించిరి. 1965లో కెనడాలో హెల్‌ఫ్రిచ్, ష్నైడర్ అనువారు స్ఫటికమునకు ఒకవైపున ఎలక్ట్రానులు అదనముగా చేరిన ఆంత్రసీను ద్రావణమును, రెండవవైపున ఎలక్ట్రానులను కోల్పోయిన ఆంత్రసీను ద్రావణమును తాకించి, ఎలక్ట్రానులను, రంధ్రములను ఇరువైపులనుండి లోపలికి పంపిరి. స్ఫటికములోనికి ఎలక్ట్రానును ఎక్కించుటయే ఒక రసాయన సమస్య యని ఈ ప్రయోగము తెలుపుచున్నది.

అయితే కర్బన పదార్థములలో ఎలక్ట్రాను స్వభావముచేతనే మందగామియా? కాదు. ఒక సెంటీమీటరు దూరమునకు ఒక వోల్టు చొప్పున విద్యుత్ క్షేత్రమున్నపుడు ఆవేశము సెకనుకు ఎన్ని సెంటీమీటర్లు నడచునో ఆ సంఖ్యను చలనశీలత అందురు. 1960లో అమెరికాలో కెప్లర్ శుద్ధమైన ఆంత్రసీను స్ఫటికములలో ఈ సంఖ్యను కొలిచెను. రంధ్రమునకును, ఎలక్ట్రానుకును అది ఇంచుమించు ఒకటి ప్రాంతముననే యుండెను. సిలికానులో ఎలక్ట్రానుకు ఇది సుమారు 1,400. ఆంత్రసీను సిలికానుకు సాటి రాదు. కాని అందు ఎలక్ట్రాను రంధ్రమునకు తీసిపోలేదు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను.

స్ఫటికములతో ఉపకరణములు చేయుట కష్టము. వందల వోల్టులు కావలెను. పలుచని పొరలైనచో తక్కువ వోల్టులే చాలును. ఈ దారిని గెలిచినవారు అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడక్ సంస్థలో పనిచేసిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్‌స్లైక్. 1987లో వారు ప్రకటించిన దీపములో రెండు కర్బన పొరలు మాత్రమే యుండెను. ఒకటి రంధ్రములను మోయు డయమీను పొర; రెండవది ఎలక్ట్రానులను మోయుచు వెలుగునిచ్చు పొర. రెండును కలిసి సుమారు 135 నానోమీటర్ల మందము. అనగా తలవెంట్రుక మందములో సుమారు ఐదువందలవ వంతు. పది వోల్టులకు లోపుననే ఆ దీపము ఆకుపచ్చగా ప్రకాశించెను.

రెండవ పొరలోని పదార్థము ఏది? 8-హైడ్రాక్సీక్వినొలీను అను కారకముతో అల్యూమినియము కూడగా ఏర్పడిన సమ్మేళనము. కళాశాల ప్రయోగశాలలలో ఈ కారకమును 'ఆక్సిను' అందురు. ద్రావణములోని అల్యూమినియమును అవక్షేపముగా దించి తూచుటకు విశ్లేషకులు దానిని ఎంతోకాలముగా వాడుచుండిరి. మూడు ఆక్సిను అణువులు ఒక అల్యూమినియము అయానును చుట్టి పట్టుకొనును. అతినీలలోహిత కాంతిలో ఆ సమ్మేళనము పసుపు-ఆకుపచ్చ రంగున మెఱయును. తూకమునకు పనికివచ్చిన ఈ పదార్థమే ఎలక్ట్రాను వాహకమై ఒక కొత్త పరిశ్రమకు నాంది పలికెను. 'ఆల్‌క్యూ-3' అని దానికి వాడుక పేరు.

కాని ఆల్‌క్యూ-3లో ఎలక్ట్రాను చలనశీలత లక్షలో ఒక వంతు, లేదా అంతకంటె తక్కువ. డయమీను పొరలో రంధ్రము చలనశీలత సుమారు వేయిలో ఒక వంతు. అనగా రంధ్రము ఎలక్ట్రానుకంటె నూఱు రెట్లో, అంతకంటె ఎక్కువో వేగముగా నడచును. ఒక గట్టునుండి బండ్లు వేగముగా, రెండవ గట్టునుండి మెల్లగా వచ్చినచో నడుమ ఏమగునో ఇక్కడను అదే అగును. జతకుదరని రంధ్రములు ఆల్‌క్యూ-3 పొరలోనికి చొరబడును. 1999లో కెనడాలోని జెరాక్స్ పరిశోధనాలయమున అజీజ్, పొపొవిచ్ మొదలైనవారు ఇట్లు చొరబడిన రంధ్రములచే ఎలక్ట్రానును కోల్పోయిన ఆల్‌క్యూ-3 అణువులు నిలకడ లేక చెడిపోవుననియు, దీపము క్రమముగా మసకబారుటకు అదియే ముఖ్య కారణమనియు నిరూపించిరి. కావున ఎలక్ట్రాను నడకను బాగుచేయుట విద్యుత్తు పొదుపునకు మాత్రమే కాదు, దీపము ఆయుర్దాయమునకే సంబంధించినది.

బాగుచేయవలసిన చోట్లు రెండు. మొదటిది ద్వారము. ఋణధ్రువమునుండి కర్బన పొరలోనికి ఎలక్ట్రాను సులభముగా దాటవలెను. ఎలక్ట్రానును తేలికగా విడుచు లోహములు లిథియము, కాల్షియము మొదలైనవి. కాని అవి గాలి తగిలినంతనే పాడగును. గాలికి కొంత నిలుచు అల్యూమినియము ఎలక్ట్రానును అంత తేలికగా విడువదు. టాంగ్, వాన్‌స్లైక్ మెగ్నీషియమునకు కొంచెము వెండిని కలిపి మధ్యేమార్గమును త్రొక్కిరి. 1997లో కోడక్ సంస్థలోనే హంగ్, టాంగ్, మేసన్ అనువారు ఒక విచిత్రమును చూపిరి. అల్యూమినియమునకును, కర్బన పొరకును నడుమ ఒక నానోమీటరుకు మించని లిథియము ఫ్లోరైడు పూతను ఉంచగా ఎలక్ట్రానులు సులభముగా దాటెను. లిథియము ఫ్లోరైడు మేలైన అవాహకము! మందముగా పూసినచో అది అడ్డుగోడయే; పలుచగా పూసినపుడు గడపవలె పనిచేసినది. అల్యూమినియము తగిలినపుడు కొంత లిథియము విడివడి ప్రక్కనున్న కర్బన అణువునకు ఎలక్ట్రానును దానము చేయునని దీనికి చెప్పు కారణములలో ఒకటి. 1998లో జపానులో కిడో, మత్సుమోతో కర్బన పొరలోనే లిథియమును కలిపి ఇట్టి ఫలితమునే సాధించిరి.

రెండవది బాట, అనగా అణువుల వరుస. ఎలక్ట్రానును పుచ్చుకొనుటకు ఇష్టపడు అణువు కావలెను. వలయములోని కర్బనమునకు బదులు నత్రజనిని ఉంచినచో, నత్రజని ఎలక్ట్రానును తనవైపు గుంజుకొనును. అందుచే అణువు అదనపు ఎలక్ట్రానును భరింపగలదు. 1989లో జపానులోని క్యూషూ విశ్వవిద్యాలయమున అదాచి, త్సుత్సుయి, సైతో అనువారు నత్రజని, ఆమ్లజని గల ఆక్సాడయజోలు సమ్మేళనమును ఎలక్ట్రాను వాహకముగా వాడిరి. తరువాత బాథోఫినాంత్రొలీను, బాథోకుప్రొయిను వచ్చెను. ఇవియు పాత కారకములే. మొదటిది ఇనుమును, రెండవది రాగిని అతి స్వల్ప పరిమాణములలో గుర్తించుటకు విశ్లేషకులు వాడునవి. బాథోఫినాంత్రొలీనులో ఎలక్ట్రాను ఆల్‌క్యూ-3లోకంటె వేగముగా నడచును; బాథోకుప్రొయిను రంధ్రములు దాటిపోకుండ అడ్డుకట్టగను పనిచేయును. కాని ఈ పొరలు కాలక్రమమున స్ఫటికములుగా మారి చెడుట వీని లోపము. అందుచే శాస్త్రజ్ఞులు పెద్దవియు, వంకరటింకరవియు అగు అణువులను నిర్మించి ఆ లోపమును తగ్గించిరి.

తరగతిలో చెప్పుటకు మిక్కిలి అనువైన ఉదాహరణ మఱియొకటి కలదు. సిరాలలోను, రంగులలోను వాడు నీలి వర్ణద్రవ్యము కాపర్ థాలొసయనీను. సామాన్యముగా అది రంధ్రములను మోయును. 1998లో బెల్ ప్రయోగశాలలలో బావో, లోవింగర్, బ్రౌన్ అనువారు దాని అణువులోని 16 ఉదజని పరమాణువుల స్థానమున 16 ఫ్లోరీను పరమాణువులున్న సమ్మేళనమును పరీక్షించిరి. అది ఎలక్ట్రానులను మోసెను. అదియు గాలిలో పాడుగాకుండ! చట్రము అదే, అంచున పరమాణువులు మారినంతనే నడచు ఆవేశము మారినది.

ఇక కెప్లర్ చెప్పిన సత్యమునకు మరల వత్తము. శుద్ధ స్ఫటికములో మందగామి కాని ఎలక్ట్రాను పలుచని పొరలలో ఏల తడబడును? 2005లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక కారణము చూపిరి. ట్రాన్సిస్టరులలో కర్బన పొరకు క్రింద ఉండు సిలికాను డయాక్సైడు ఉపరితలముపైగల హైడ్రాక్సిలు సమూహములు ఎలక్ట్రానులను పట్టివేయుచుండెను. అవి లేని ఉపరితలమును వాడగా, రంధ్రములనే మోయునని తలపబడిన అనేక పాలిమరులు ఎలక్ట్రానులను సైతము మోసెను. 2012లో నెదర్లాండ్స్‌లో నికొలాయి మొదలైనవారు అనేక పాలిమరులను పోల్చి, వానిలో ఎలక్ట్రానులను పట్టు గోతులు ఇంచుమించు ఒకే లోతున, ఒకే సంఖ్యలో ఉన్నవనియు, వానికి కారణము నీటితో కూడిన ఆమ్లజని కావచ్చుననియు చెప్పిరి. కాలువలో నీరు పాఱకున్నచో నీటిని నిందింపరాదు, గుంటలను చూడవలెను.

1997లో ఇట్టి తెర మొదట కారులోని సంగీత యంత్రమునందు వెలిసెను. 2007లో సోనీ సంస్థ 11 అంగుళముల టెలివిజనును విక్రయించెను. సమస్య ఇంకను పూర్తిగా తీరలేదు. నీలి కాంతినిచ్చు దీపములు ఎఱుపు, ఆకుపచ్చ దీపములకంటె త్వరగా క్షీణించుట నేటికిని పరిశోధకులను వేధించుచున్నది.

విద్యార్థులు ఈ చరిత్రనుండి గ్రహింపవలసినవి రెండు. పదార్థ ధర్మముగా తోచునది ఒక్కొక్కపుడు మాలిన్య ధర్మము. శుద్ధి చేసి చూచినగాని నిజము తెలియదు. ప్రయోగశాల అలమరలోని కారకమునకు ఒక్క ఉపయోగమే యని తలపరాదు. అల్యూమినియమును తూచుటకు తెచ్చిన సీసాలోనిదే తెరపై వెలుగు కాగలిగినది.