మాగి చలిలో సైకిలు: ఇంటికీ గనికీ నడుమ ఆరు మైళ్ళు

మా ఇంట్లో ఒక మాట ఉండేది. తాతకు రొమ్ము చెడింది చలివల్ల, చలి పట్టింది సైకిలువల్ల అని. అవ్వ పోయేదాకా ఇదే చెప్పింది. "ఆ సైకిలు కొనకుంటే మీ తాత ఇంకో పదేండ్లు బతికిండేవాడు" అనేది. పిల్లలుగా మేమంతా నమ్మినాము. చలికాలంలో ఎవరైనా పొద్దున్నే సైకిలెక్కితే మా ఇంట్లో ఇప్పటికీ ఒకరు వెనకనుంచి కేకేస్తారు, చెవులు మూసుకో అని. ఈసారి మా ఇంటి చరిత్రలో ఆ సైకిలు సంగతి రాద్దామని కూర్చున్నాము. రాస్తూ పోతే అవ్వ మాటను కూడా తూకం వేయాల్సి వచ్చింది.

మాది కోలారు జిల్లా, బేతమంగలం దగ్గర ఒక పల్లె. ముత్తాత కాలంలో పలమనేరు వైపు నుంచి వచ్చి ఇక్కడ నిలిచినవాళ్ళం. ఇంట్లో తెలుగు, అంగడిలో కన్నడం, గనిలో తమిళం. కోలారు బంగారు గనుల్లో పనిచేసినవాళ్ళు ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళులేనని చాలామంది అనుకుంటారు. వాళ్ళే ఎక్కువ, అది నిజమే. కానీ 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, పలమనేరు కూడా ఉత్తర ఆర్కాటులోనివే. పాత కాగితాల్లో 'ఉత్తర ఆర్కాటు కూలీలు' అని రాసినచోటల్లా మనవాళ్ళు కూడా కొందరు ఉన్నారని గుర్తుపెట్టుకోవాలి.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడ పని మొదలుపెట్టింది. 1894 నాటికి బౌరింగుపేట నుంచి, అంటే ఇప్పటి బంగారుపేట నుంచి, మారికుప్పం దాకా రైలు వచ్చింది. 1902లో శివసముద్రం జలపాతం దగ్గర పుట్టించిన కరెంటు సుమారు 90 మైళ్ళు తీగల మీద నడిచి గనులకు చేరింది. మన పల్లెలకు కరెంటు ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకుగానీ రాలేదు. తాత పని ముగించుకొని ఇంటికి రావడమంటే వెలుగులోనుంచి చీకట్లోకి రావడం.

గని దగ్గర కూలి లైన్లలో ఇళ్ళు ఉండేవి. తాత అక్కడికి పోలేదు. ఇక్కడ రెండెకరాల రాగి చేను, ఒక జత ఎద్దులు, ముసలి తల్లి. నెల జీతం గనిది, తిండి చేనుది. రెండూ వదలకూడదంటే రోజూ ఆరు మైళ్ళు పోవాలి, ఆరు మైళ్ళు రావాలి. మొదట్లో గుంపుగా నడిచి పోయేవాళ్ళు. గంటన్నర, రెండు గంటలు. ఎనిమిది గంటలు భూమికింద పనిచేసిన కాళ్ళతో మళ్ళీ రెండు గంటలు. అందుకని సైకిలు.

ఆ కాలంలో సైకిలంటే ఇంగ్లండు సరుకు. ర్యాలీ, హంబర్, బీఎస్ఏ, హెర్క్యులిస్. దొరలూ గుమాస్తాలూ తొక్కేవి. స్వాతంత్ర్యం వచ్చాక కథ మారింది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ పెట్టారు, 1951లో అక్కడ హెర్క్యులిస్ సైకిళ్ళు తయారు కావడం మొదలైంది. కూలి చేసేవాడు కూడా అప్పో సప్పో చేసి కొనగలిగే కాలం అప్పుడు వచ్చింది. తాత కొన్నది ఆ హెర్క్యులిసే. నల్లది, 24 అంగుళాల ఫ్రేము, కడ్డీ బ్రేకులు, వెనక ఇనుప క్యారియరు. అవ్వ మెడలోని గుండ్లు రెండు దానికోసం పోయినాయి. ఆమె కోపానికి మొదటి కారణం చలి కాదేమోనని మాకు ఇప్పుడు అనుమానం.

ఇక చలి సంగతి. మేము ఉండేది సముద్రమట్టానికి రెండున్నర వేల అడుగులకు పైన. ధనుర్మాసం వచ్చిందంటే కన్నడంలో మాగి అంటారు, మా తెలుగులో కూడా అదే మాట కలిసిపోయింది, 'మాగి చలి'. తెల్లవారుజామున పదీ పన్నెండు డిగ్రీలుంటుంది. బెంగళూరులో 1884 జనవరి 13న 7.8 డిగ్రీలు నమోదైంది, అక్కడ ఇప్పటికీ అదే రికార్డు. ఢిల్లీలో, అమెరికాలో ఉన్న మా మనుమలు పన్నెండు డిగ్రీలని వింటే నవ్వుతారు. నవ్వేముందు రెండు సంగతులు చూడాలి. ఒకటి, ఒంటి మీద ఏముంది అన్నది. తాతకు ఉన్నది ఒక కంబళి, ఒక కుళ్ళాయి, నూలు చొక్కా. కంబళి కప్పుకొని సైకిలు తొక్కలేరు, చక్రంలో చిక్కుకుంటుంది. అందుకని చొక్కా లోపల రొమ్ముకు అడ్డంగా పాత పేపరు మడిచి పెట్టుకునేవాడు. కాగితం గాలిని ఆపుతుంది. ఎవరు నేర్పారో తెలియదుగానీ ఆ రోడ్డు మీద సైకిళ్ళవాళ్ళందరికీ ఆ కిటుకు తెలుసట. చేతులకు చిరిగిన మేజోళ్ళు. కడ్డీ బ్రేకు పిడి ఇనుపది, పొద్దున దాన్ని ఒట్టి చేత్తో పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి.

రెండో సంగతి, గాలి లేని రోజున కూడా సైకిలు తొక్కేవాడికి గాలి ఉంటుంది. నడిచే మనిషి చుట్టూ ఒంటి వేడి కాస్త నిలుస్తుంది. సైకిలు మీద అది నిలవదు.

బేతమంగలం చెరువు పాలారు నీళ్ళది, గనులకు తాగేనీళ్ళు పోయింది అక్కణ్ణుంచే. మాగిలో ఆ చెరువు మీదనుంచి మంచు లేచి రోడ్డును కప్పేస్తుంది. ముందు చక్రం కూడా కనపడదు. తాత సైకిలుకు మొదట కిరసనాయిలు దీపం ఉండేది, తర్వాత డైనమో పెట్టించాడు. డైనమో బుడ్డి టైరుకు ఆనుకొని తిరగాలి. మంచుకు టైరు తడిసిందంటే అది జారుతుంది, లైటు మిణుకు మిణుకుమంటుంది. కాబట్టి వెలుగు కావలసినప్పుడే వెలుగు ఉండదు. రిమ్ము తడిస్తే బ్రేకు కూడా సరిగా పట్టదు. అందుకే అందరూ గుంపుగా, గంట కొట్టుకుంటూ, పేర్లు పెట్టి పిలుచుకుంటూ పోయేవాళ్ళు. "ముందర ఎద్దుబండి ఉండాది, చూసుకోండప్పా" అని ముందువాడు అరిస్తే వెనకవాడు ఆ మాట ఇంకా వెనకవాడికి అందించాలి.

ఇదంతా పోయేటప్పటి చలి. వచ్చేటప్పటిది వేరు.

ఛాంపియన్ రీఫ్ గని చివరికి భూమిలోపలికి మూడు కిలోమీటర్లకు పైగా పోయింది. ప్రపంచంలోని లోతైన గనుల్లో అదొకటి. అంత లోతులో రాతి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. పైన యంత్రాలతో గాలిని చల్లబరిచి లోపలికి పంపేవాళ్ళు, అయినా పనిచేసేచోట ఉక్కబోత తగ్గేది కాదు. మనుషులు గోచీతో, ఒక్క నిక్కరుతో పనిచేసేవాళ్ళు. తాత దిగిన చోటు అంత లోతు కాదుగానీ, షిఫ్టు ముగిసేసరికి తలగుడ్డ పిండితే చెంబెడు చెమట వచ్చేదని చెప్పేవాడు.

రాత్రి షిఫ్టు దిగినవాళ్ళ సంగతి ఆలోచించండి. ఆ వేడిలోంచి బోనెక్కుతారు. గనికి గాలి లోపలికి దిగే షాఫ్టులు కొన్ని, బయటికి పోయే షాఫ్టులు కొన్ని. గాలి దిగే షాఫ్టులో బోను ఎక్కితే పైనుంచి మాగి గాలి నేరుగా తడి ఒంటి మీదికి దిగుతుంది. పైకి వచ్చాక తనిఖీకి వరుసలో నిలబడాలి, బంగారం గని కదా. తర్వాత గుడ్డలు మార్చుకొని సైకిలు తీసుకొని, సయనైడు దిబ్బల పక్కనుంచి, ఆ చీకట్లో ఆరు మైళ్ళు. దిబ్బలంటే బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండి, గుట్టలంత ఎత్తు. గాలి వీస్తే ఆ పిండి కళ్ళలో పడుతుంది.

సైకిలు తొక్కి ఇల్లు చేరేసరికి తాత పళ్ళు టకటక కొట్టుకుంటుండేవట. అవ్వ పొయ్యి ముందు కూర్చోబెట్టి వేడివేడి సంగటి, ఉలవకట్టు పెట్టేది. తిని, కంబళి కప్పుకొని, దగ్గుతూ పడుకునేవాడు. మొదట్లో మాగిలోనే దగ్గు. తర్వాత కార్తీకంలోనే మొదలై శివరాత్రి దాకా. ఆ తర్వాత ఎండాకాలంలో కూడా పోలేదు. చెరువు గట్టు ఎక్కేటప్పుడు దిగి సైకిలు తోసుకుంటూ రావడం మొదలైంది. కొన్నాళ్ళకు చదును రోడ్డు మీద కూడా దిగేవాడు. చివరి రెండేళ్ళు సైకిలు గోడకే ఆనుకొని ఉంది, ఆయన అరుగు మీదే ఉన్నాడు. యాభై రెండేళ్ళకు పోయినాడు. ఆ తర్వాత నెల తిరక్కుండానే అవ్వ సైకిలును సంతలో అమ్మేసింది. కన్నకొడుకు ఏడ్చినా వినలేదు. ఆ కొడుకే మా నాయన.

ఇప్పుడు తూకం సంగతి.

1940ల్లో ఈ గనుల్లో ఏడున్నర వేలమందికి పైగా కార్మికులను ఎక్స్‌రే తీసి పరీక్షించారు. నూటికి నలభైమందికి పైగా సిలికోసిస్ కనపడింది. ఇక్కడ బంగారం ఉండేది క్వార్ట్జ్ రాతిలో. దాన్ని తొలిచినా, పేల్చినా సన్నటి సిలికా దుమ్ము లేస్తుంది. కంటికి కనపడే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. కనపడనిది ఊపిరితిత్తుల అడుగుకు పోయి కూర్చుంటుంది. కూర్చున్నచోట మచ్చ కడుతుంది, ఆ మచ్చ గట్టిపడి గాలి పట్టే జాగా తగ్గిపోతుంది. నీళ్ళు పోస్తూ తొలిచే పద్ధతి వచ్చాక దుమ్ము తగ్గింది, పోలేదు. ఈ జబ్బు బయటపడటానికి ఏళ్ళు పడుతుంది. ఒకసారి పడితే మందు లేదు. క్షయ కూడా సులువుగా అంటుకుంటుంది. మొదట ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసం, తర్వాత చదునులో ఆయాసం, తర్వాత కూర్చున్నా ఆయాసం. అవ్వ చెప్పిన కథ, సైకిలు దిగి తోయడం దగ్గరనుంచి, అచ్చంగా ఇదే క్రమం. తాతకు ఎక్స్‌రే తీసిన కాగితమేదీ మా ఇంట్లో లేదు. కానీ పాతికేళ్ళు రాయి తొలిచిన మనిషి గురించి మాకు ఇంతకంటే నమ్మకమైన కారణం కనపడటం లేదు.

మరి అవ్వ చలినెందుకు తిట్టింది? ఆమె గని లోపలికి ఎప్పుడూ దిగలేదు. ఆమె చూసింది మంచులోంచి దగ్గుతూ వచ్చే సైకిలును. చెడిన ఊపిరితిత్తులకు చల్లగాలి తగిలితే దగ్గు తెర తెరలుగా వస్తుంది, అది నిజమే. జలుబు చేసినా, నిమ్ము చేసినా అలాంటివాళ్ళు కోలుకోవడం కష్టం. కాబట్టి చలి నేరం బొత్తిగా లేదని మేము చెప్పబోవడం లేదు. చలి జబ్బును బయటికి చూపించింది, జబ్బు వచ్చింది మాత్రం దుమ్ముతో. గనిని తిట్టడం కూడా ఆ రోజుల్లో అంత తేలిక కాదు. మా పల్లెలో కప్పు వేసిన ఇళ్ళన్నీ గని జీతంతో వేసినవే. సైకిలును తిడితే ఎవరికీ నష్టం లేదు.

సైకిలు చేసిన మంచిని కూడా ఇక్కడ రాసి పెట్టాలి, ఎందుకంటే అవ్వ ఎప్పుడూ చెప్పలేదు. రోజుకు రెండు గంటలకు పైగా మిగిల్చింది. ఆ రెండు గంటలు చేనుకు పోయినాయి. మాగిలో అనపకాయల కాలం. మంచులో తడిసిన కాయకే వాసన ఎక్కువ, ఎండెక్కితే పోతుంది. తాత పొద్దు షిఫ్టుకు పోతూ క్యారియరు మీద అనపకాయల మూట కట్టుకొని రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టులో వేసి గనికి పోయేవాడు. పితికిపప్పు తినని ఇల్లు ఈ సీమలో లేదు కాబట్టి మూట ఎప్పుడూ వెనక్కి రాలేదు. నాయన ఇస్కూలు ఫీజు ఆ మూటల్లోంచి వచ్చిందే. వైకుంఠ ఏకాదశికి చీకటితోనే బంగారు తిరుపతికి ముందు కడ్డీ మీద నాయన, వెనక క్యారియరు మీద అవ్వ. అవ్వ ఆ సైకిలెక్కిన రోజులు కూడా ఉన్నాయన్న మాట.

గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి వచ్చి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అప్పటికి మా ఇంటినుంచి గనికి పోయేవాళ్ళెవరూ లేరు. నాయన గనిలో చేరలేదు, అవ్వ చేరనివ్వలేదు. ఆమె చెప్పిన కారణం తప్పయినా పట్టిన పట్టు సరైనదే. ఇప్పుడు కేజీఎఫ్ నుంచి వేలమంది రోజూ బెంగళూరుకు రైలులో పోయి వస్తారు. మా చిన్నాయన కొడుకు కూడా వాళ్ళలో ఒకడు. మాగిలో చీకటితో లేచి, మంకీ టోపీ పెట్టుకొని, ఉరిగాం స్టేషను దాకా సైకిలు మీద పోయేవాడు. ఈమధ్యనే స్కూటరు కొన్నాడు.

ఈ ఎక్స్‌రేల సంగతి మా పెద్దత్తకు చదివి వినిపించినాము. ఆమెకు ఎనభై దాటినాయి. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మకు ఎవరైనా చెప్పిండాల్సింది. ఆ సైకిలు అమ్మిండేది కాదు" అనింది. సైకిలు పోయినా డైనమో మిగిలింది, నాయన ఆ రోజే విప్పి దాచిపెట్టుకున్నాడు. ఇప్పుడు మా అటకమీద ఉంది. చేత్తో తిప్పితే బల్బు ఇంకా వెలుగుతుంది.