నిర్మల్ బొమ్మలు: రంగు పనికి సొంత సాధనాలు

పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని నిర్మల్‌లో నకాషీ కళాకారులు తేలికైన పొనికి కర్రతో బొమ్మలు చెక్కుతారు. రంగు పనిని సులువు చేసేది కుంచె కన్నా లప్పమే అనాలి. చింతగింజల పిండితో జిగురు కాచి, రంపపు పొట్టు కలిపి చేసే ఈ ముద్ద అతుకులనూ గుంటలనూ పూడుస్తుంది. ఆరాక నునుపు చేసి తెల్ల పూత వేస్తే చెక్క రంగును తాగేయదు.

బొమ్మలకు పేరున్న కొండపల్లిలో రంగులు వేయడానికి మేక వెంట్రుకల కుంచెలు వాడుకలో ఉన్నాయి.

మరో బొమ్మల ఊరు ఏటికొప్పాక పద్ధతి ఇంకా తెలివైనది. అక్కడ కుంచె పని తక్కువ. లేత్‌పై తిరిగే అంకుడు కర్ర బొమ్మకు రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఆపై మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. రంగు ఆరేదాకా కాచుకు కూర్చోనక్కర్లేదు.