ఫీజు లేని కాలేజీ, జీతాల పట్టిక

అమెరికాలో లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే సాధారణంగా రెండు వేలకు అటూ ఇటూగా విద్యార్థులుండే చిన్న రెసిడెన్షియల్ కాలేజీ. చదువు ప్రధానంగా డిగ్రీ వరకే. చరిత్ర, గణితం, జీవశాస్త్రం, తత్వశాస్త్రం, సంగీతం ఒకే ప్రాంగణంలో నేర్పుతారు. క్లాసులో పాతికమందికి మించి ఉండడం తక్కువ, పాఠం చెప్పేది ప్రొఫెసరే. వీటిలో పేరుమోసిన విలియమ్స్, ఆమ్‌హర్స్ట్ లాంటి చోట్ల ఫీజు, హాస్టలు, భోజనం కలిపి ఏడాది ఖర్చు 85,000 డాలర్లు దాటింది. దరఖాస్తు పెట్టిన వందమందిలో సుమారు పదిమందికే సీటు. అందుకే ఈ కాలేజీల ప్రస్తావన రాగానే మూడు అంకెలు ముందుకొస్తాయి: ఖర్చెంత, సీటు ఎంత కష్టం, చదివాక జీతమెంత. ఈ మూడూ కలిస్తే కాలేజీ విలువ తేలిపోతుందని చాలామంది నమ్మకం. ఈ కాలేజీల రెండు వందల ఏళ్ల చరిత్ర చూస్తే మాత్రం ఆ నమ్మకం నిలవదు. మూడు అంకెలూ మూడు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి. వాటిలో ఏదీ అసలు ప్రశ్నకు నేరుగా జవాబివ్వదు. వచ్చిన విద్యార్థిని ఆ కాలేజీ ఎక్కడి నుంచి ఎక్కడికి చేర్చింది అన్నదే అసలు ప్రశ్న.

ముందు ఖర్చు సంగతి. 1821లో మసాచుసెట్స్‌లో ఆమ్‌హర్స్ట్ కాలేజీ తెరిచినవారు డబ్బున్న ఇళ్ల పిల్లల కోసం తెరవలేదు. తెలివి ఉండి స్తోమత లేని కుర్రాళ్లకు ఉచితంగా చదువు చెప్పి చర్చి బోధకులను చెయ్యాలని 50,000 డాలర్ల ధర్మనిధికి చందాలు పోగుచేశారు. ఆ పెద్దల్లో నిఘంటుకర్త నోవా వెబ్‌స్టర్ ఒకరు. ఆనాటి న్యూ ఇంగ్లండ్ కొండ ఊళ్ల కాలేజీల్లో చదివినవారిలో రైతుల కొడుకులు ఎక్కువ. చాలామంది ఇరవై ఏళ్లు దాటాకే కాలేజీలో అడుగుపెట్టేవారు. చలికాలంలో పల్లె బడుల్లో పంతులు పని చేసి, ఆ జీతంతో మిగతా ఏడాది చదువు నడుపుకునేవారు. 1833లో పుట్టిన ఒహాయో రాష్ట్రపు ఓబర్లిన్ కాలేజీ 1835లో నల్లజాతి విద్యార్థులకు, 1837లో డిగ్రీ చదువులో ఆడపిల్లలకు తలుపులు తెరిచింది. నిధుల కోసం 1850 ప్రాంతంలో అది ఒక పథకం పెట్టింది. వంద డాలర్లు కట్టినవారికి, ఎప్పటికీ ఒక విద్యార్థిని ఫీజు లేకుండా చదివించే హక్కు రాసిచ్చింది. ఇలాంటి పథకాలు పెట్టిన కాలేజీల్లో చాలావాటికి బెంచీలు నిండాయి కానీ ఫీజు రాబడి ఎండిపోయింది.

ఈ కథలన్నిటిలో ఒకే విషయం కనిపిస్తుంది. ఈ కాలేజీల్లో విద్యార్థి కట్టే ఫీజు, అతని చదువుకయ్యే ఖర్చు ఏనాడూ ఒకటి కావు. తేడాను దాతలో, చర్చీయో, పాత నిధి మీద వడ్డీయో భరిస్తూ వచ్చాయి. విలియమ్స్ కాలేజీలో ఆర్థికశాస్త్రం బోధించిన గోర్డన్ విన్‌స్టన్ ఈ సంగతిని లెక్కలతో వివరించాడు. నిధి ఎక్కువున్న కాలేజీలో పూర్తి ఫీజు కట్టేవాడికి కూడా, కట్టినదానికంటే ఎక్కువ ఖర్చుతో కూడిన చదువే అందుతుంది. ఇక నిధి లేని కాలేజీలు ఫీజు పట్టికలో పెద్ద అంకె వేసి, స్కాలర్‌షిప్ పేరుతో దాన్ని తగ్గిస్తాయి. ఇప్పుడు ప్రైవేటు కాలేజీల్లో మొదటి ఏడాది విద్యార్థులకు దొరికే తగ్గింపు సగటున ఫీజులో సగం దాటింది. 2015లో మూతపడబోయి పూర్వ విద్యార్థినుల పోరాటంతో నిలబడిన వర్జీనియాలోని స్వీట్ బ్రయర్ కాలేజీ, 2018 నుంచి ఫీజును 32 శాతం కోసి 21,000 డాలర్లకు దించింది. అంత తగ్గించినా కాలేజీ నడవగలిగిందంటే పాత ఫీజును పూర్తిగా కట్టినవారు ఎంత తక్కువో తెలుస్తుంది. కాబట్టి పట్టికలో ఉన్న ఖర్చును చూసి కాలేజీ ఖరీదైనదనో చవకైనదనో తేల్చడం పొరపాటు. ఒక్కో కుటుంబానికి ఒక్కో ధర.

సీటు కష్టంగా దొరకడం గొప్పతనానికి గుర్తు అన్న భావన ఇంకా కొత్తది. మొదటి ప్రపంచ యుద్ధం వరకు హార్వర్డ్, యేల్‌లలో సైతం ప్రవేశ పరీక్ష గట్టెక్కినవారికి సీటు దాదాపు ఖాయం. 1920లలో పరీక్ష బాగా రాసి చేరుతున్న యూదు విద్యార్థుల సంఖ్య పెరగడం అక్కడి పెద్దలకు రుచించలేదు. పరీక్ష మార్కులతో వారిని ఆపడం కుదరదు కనుక ఇంటర్వ్యూ, ఫొటో, సిఫార్సు ఉత్తరాలు, గుణగణాల అంచనా వచ్చి చేరాయి. ఈనాడు ఎంపికలో సహజమనుకునే అంశాల్లో చాలావాటి మూలం ఆ వడపోతలోనే ఉంది. రెండో యుద్ధం తర్వాత 1944 నాటి జీఐ బిల్లు ఇచ్చిన ప్రభుత్వ సాయంతో లక్షలమంది మాజీ సైనికులు కాలేజీల బాట పట్టారు. దరఖాస్తులు పెరిగినకొద్దీ తిరస్కారాలూ పెరిగాయి. 1983లో యు.ఎస్. న్యూస్ పత్రిక మొదటిసారి కాలేజీలకు ర్యాంకులు ఇచ్చింది. అప్పట్లో ఆధారం కాలేజీ అధ్యక్షుల అభిప్రాయాలు మాత్రమే. తర్వాత ఎంతమందికి సీటిచ్చారన్న శాతం కూడా ర్యాంకు లెక్కలో చేరింది, 2018 దాకా అందులో ఉంది. ఒక కాలేజీ ఎంతమందిని కాదన్నదో ఆ అంకె చెబుతుంది. చేర్చుకున్నవారికి ఏం నేర్పిందో అందులో కనిపించదు.

మూడో అంకె, అంటే జీతం, ప్రజల చేతికి వచ్చి పట్టుమని పదిహేనేళ్లు కాలేదు. 2015 సెప్టెంబరులో ఒబామా ప్రభుత్వం కాలేజీ స్కోర్‌కార్డ్ అనే వెబ్‌సైట్‌లో ఆదాయాల వివరాలు పెట్టింది. కాలేజీలో చేరిన పదేళ్లకు పూర్వ విద్యార్థులు ఎంత సంపాదిస్తున్నారో అందులో చూడవచ్చు. అప్పు చేసి చదివే పిల్లలకు ఇది నిజంగా మేలు చేసిన పని. అయితే ఆ లెక్కలో ఫెడరల్ ప్రభుత్వ సహాయం పొందినవారే ఉంటారు. పైగా చేరిన పదేళ్లంటే డిగ్రీ అయ్యాక ఆరేళ్లే. డాక్టరు కాబోయేవాళ్లు, పరిశోధన చేసేవాళ్లు అప్పటికింకా చదువులోనో శిక్షణలోనో ఉంటారు.

ఈ మూడు అంకెలకూ లొంగని కాలేజీ ఒకటి కెంటకీ కొండల అంచున ఉంది. పేరు బెరియా. బానిసత్వాన్ని వ్యతిరేకించిన మతబోధకుడు జాన్ ఫీ 1855లో అక్కడ ఒక గదిలో బడి మొదలుపెట్టాడు. నాలుగేళ్లకు బానిస యజమానుల పక్షంవాళ్లు ఆయుధాలతో వచ్చి ఫీని, ఆయన సహచరులను ఊరి నుంచే వెళ్లగొట్టారు. అంతర్యుద్ధం ముగిశాక ఫీ తిరిగొచ్చాడు. 1866లో అక్కడ చదివిన 187 మందిలో 96 మంది నల్లవారు, 91 మంది తెల్లవారు. బానిసత్వం రద్దయి ఏడాది తిరగని దక్షిణాదిలో ఇది చిన్న విషయం కాదు. 1892 నుంచి బెరియా ఏ విద్యార్థి దగ్గరా ట్యూషన్ ఫీజు తీసుకోలేదు. బదులుగా ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు పని చెయ్యాలి. కొందరు మగ్గం నేస్తారు, కొందరు చెక్కపని చేస్తారు, కొందరు లైబ్రరీలో, పొలంలో, కాలేజీ హోటల్లో పనిచేస్తారు. 1920 నుంచి నడుస్తున్న చీపుళ్ల వర్క్‌షాపు ఇప్పటికీ ఉంది. అక్కడి విద్యార్థులు ఎండిన చీపురు జొన్న కంకులను కర్రకు చుట్టి, బిగించి, కుట్టి అమ్మకానికి పంపుతారు. డిగ్రీ అయ్యాక మార్కుల పత్రంతోపాటు చేసిన పనికి విడిగా మరో పత్రం చేతికొస్తుంది. చేరేవారిలో ఎక్కువమంది అపలేషియా కొండ ప్రాంతపు పేద ఇళ్ల పిల్లలే. డబ్బున్న ఇంటి పిల్లలకు ఎంత ప్రతిభ ఉన్నా ఇక్కడ సీటు దొరకడం కష్టం. ఎంపిక ఇక్కడా ఉంది, అయితే అవసరమే దానికి మొదటి కొలమానం.

బెరియాలో చదివిన కార్టర్ వుడ్సన్ జీవితాన్ని జీతాల పట్టికలో పెట్టి చూద్దాం. బానిసలుగా బతికిన తల్లిదండ్రుల కొడుకు. వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల్లో పనిచేసి, ఇరవై ఏళ్ల వయసులో హైస్కూల్లో చేరి, 1903లో బెరియా పట్టా అందుకున్నాడు. పదేళ్ల తర్వాత అతని ఉద్యోగం వాషింగ్టన్‌లో స్కూలు టీచరు. ఏ పట్టికలోనైనా అది సామాన్యమైన ఆదాయమే. ఈలోపు 1912లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పూర్తిచేశాడు. 1926లో నల్లవారి చరిత్ర వారోత్సవం మొదలుపెట్టాడు. అదే తర్వాత నెల రోజుల ఉత్సవంగా దేశమంతా పాకింది. వుడ్సన్ పట్టా పుచ్చుకున్న మరుసటి ఏడాది, 1904లో, కెంటకీ శాసనసభ నల్లవారు, తెల్లవారు ఒకేచోట చదవకూడదని డే చట్టం తెచ్చింది. బెరియా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1908లో ఓడిపోయింది. 1950లో చట్టం సడలించాకే నల్ల విద్యార్థులు తిరిగి అడుగుపెట్టగలిగారు. ఆ నలభై ఆరేళ్లలో కొండ ప్రాంతపు తెల్ల పేదలకు బెరియా చేసిన మేలు ఏ పట్టికలోనైనా చక్కగానే కనిపించేది. చట్టం మూసేసిన తలుపు అందులో ఎక్కడా కనిపించేది కాదు.

ఇక మొత్తం లెక్కలు చూద్దాం. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం 2020లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఖర్చు పోను లిబరల్ ఆర్ట్స్ చదువు పదేళ్లలో తెచ్చే మధ్యస్థ ప్రతిఫలం 62,000 డాలర్లు. అన్ని కాలేజీలకూ కలిపి చూస్తే అది 107,000. నలభై ఏళ్లకు లెక్క తిరగబడుతుంది: లిబరల్ ఆర్ట్స్‌కు 918,000, మొత్తం కాలేజీలకు 723,000. ఆలస్యంగా ఫలించే చదువు అని దీన్నిబట్టి చెప్పవచ్చు. కానీ ఆ ఫలితంలో కాలేజీ వాటా ఎంత? ఆ అధ్యయనంలో లిబరల్ ఆర్ట్స్ కాలేజీల ముందు వరుసలో నిలిచిన వాషింగ్టన్ అండ్ లీ పేరే, ఆర్థికవేత్త రాజ్ చెట్టీ బృందం 2017లో బయటపెట్టిన మరో జాబితాలోనూ ఉంది. దేశంలో అత్యంత ధనికులైన ఒక్క శాతం ఇళ్ల పిల్లలు, కింది 60 శాతం ఇళ్ల పిల్లలకంటే ఎక్కువగా చదువుతున్న 38 కాలేజీల జాబితా అది. కొలరాడో కాలేజీ, కోల్బీ కూడా అందులో ఉన్నాయి. పైమెట్టు మీద పుట్టినవారు పైమెట్టు మీదే ఉంటే ఆ ఘనతంతా కాలేజీ ఖాతాలో వేయలేం. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన పరిశోధన ఈ అనుమానాన్నే పరీక్షించింది. 1976లో కాలేజీలో చేరినవారిలో, ఒకే రకమైన కాలేజీల్లో సీట్లు వచ్చినా, కొందరు పేరున్నదానికి వెళ్లారు, కొందరు వెళ్లలేదు. తర్వాతి జీతాల్లో వారి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పేద ఇళ్ల పిల్లల విషయంలో మాత్రం తేడా కనబడింది. వారికి మంచి కాలేజీ నిజంగానే అక్కరకొచ్చింది.

దీనికి ఎదురుగా వచ్చే వాదనల్లో మొదటిది బలమైనదే: బెరియాకు వంద కోట్ల డాలర్లు దాటిన నిధి ఉంది, అందరికీ అది సాధ్యమా? అందరికీ సాధ్యం కాదు. నిధి లేని చిన్న కాలేజీలు ఏటా మూతపడుతున్నాయి, వాటిని తప్పుపట్టడం అన్యాయం. అయితే బెరియా నిధి ఆకాశం నుంచి ఊడిపడలేదు. షరతులు లేకుండా వీలునామాల ద్వారా వచ్చే ప్రతి సొమ్మునూ ఖర్చు పెట్టకుండా మూలనిధికే చేర్చాలని 1920లో ధర్మకర్తలు నిర్ణయించుకుని ఆ మాట మీద నిలబడ్డారు. నిధి విషయంలో బెరియాకు తీసిపోని కాలేజీలు మరికొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటైన విలియమ్స్ 2022లో ఆర్థిక సహాయం నుంచి అప్పులను పూర్తిగా తొలగించి మంచి అడుగే వేసింది. మిగిలిన ప్రశ్న ఆ నిధి ఎవరి పిల్లల మీద ఖర్చవుతోందన్నది. పేరున్న కాలేజీలో చదివితే ఆదాయంలో అగ్రస్థానానికి చేరే అవకాశం పెరుగుతుంది కదా అన్నది రెండో వాదన. చెట్టీ బృందమే 2023లో అది నిజమని చూపించింది. హార్వర్డ్, యేల్ ఉన్న ఐవీ లీగ్‌లో, దాని సరసన నిలిచే విశ్వవిద్యాలయాల్లో చదివితే అత్యధిక ఆదాయపు ఒక్క శాతంలోకి చేరే అవకాశం సగం పెరుగుతుంది. సగటు జీతం మాత్రం పెద్దగా మారదు. అంటే పరిమితంగా ఉన్న కొన్ని కుర్చీలకు అది దగ్గర దారి. ఆ దారిని ఇప్పటికే కలిగినవారికి కేటాయిస్తే సమాజానికి ఒరిగేది తక్కువ.

అప్పు తీర్చాల్సిన కుటుంబానికి జీతమే ముఖ్యం, చరిత్ర పాఠాలు కావు అనేవారూ ఉంటారు. వారి ఆందోళన న్యాయమైనదే. జీతాన్ని లెక్కలో వేయొద్దనడం కడుపు నిండినవారి మాట. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ, తెలుగు రాష్ట్రాల నుంచి పిల్లలను అక్కడికి డిగ్రీకి పంపాలనుకునేవారూ ముందు ప్యాకేజీ గురించే అడుగుతారు. వారు చూడాల్సింది పట్టికలోని ఫీజు కాదు, సహాయం పోను తమ చేతి నుంచి పడేది ఎంత అన్నది. విదేశీ విద్యార్థి సహాయం అడిగితే చాలా కాలేజీల్లో సీటు అవకాశమే తగ్గుతుందన్నదీ గుర్తుంచుకోవాలి. కరోలిన్ హాక్స్‌బీ, క్రిస్టఫర్ ఎవెరీ 2013లో చూపించినట్టు, తెలివైన పేద పిల్లల్లో ఎక్కువమంది, తమకు తక్కువ ఖర్చయ్యే గొప్ప కాలేజీలకు దరఖాస్తే పెట్టరు. పట్టికలోని అంకె చూసి వెనక్కి తగ్గేది వారే. ఆ చదువు వల్ల ఎక్కువగా బాగుపడేదీ వారే.

కాబట్టి ఒక లిబరల్ ఆర్ట్స్ కాలేజీని తూచాలంటే అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఎవరిని చేర్చుకుంటోంది, వారి దగ్గర నిజంగా ఎంత తీసుకుంటోంది, ఇరవై, ముప్పై ఏళ్లకు వారు బయలుదేరిన చోటు నుంచి ఎంత దూరం వెళ్లారు అని అడగాలి. ఆమ్‌హర్స్ట్‌కు చందా ఇచ్చినవారు ఆనాడు వేసుకున్న లెక్క ఇదే. బెరియా నేటికీ వేస్తున్నది ఇదే. డబ్బున్న ఇంటి బిడ్డ ఎక్కడ చదివినా బాగానే ఉంటాడని పరిశోధనలు చెబుతున్నప్పుడు, దాతల సొమ్ముతో నడిచే కాలేజీ ఆ సొమ్మును, చదువు వల్ల నిజంగా జీవితం మారే పిల్లల మీద పెట్టడం దయాదాక్షిణ్యం కాదు, ధర్మకర్తల బాధ్యత. ఆ బాధ్యత నెరవేర్చే కాలేజీకి ఎంత ఖర్చు పెట్టినా సార్థకమే. నెరవేర్చని కాలేజీ ఎంతమందిని కాదన్నా, దాని పట్టభద్రులు ఎంత సంపాదించినా, ఆ పేరు చూసి అప్పు చెయ్యాల్సిన పని లేదు.